గోంగూర కోసం లైన్లో నిలబడ్డ ఏనుగు

"కూర్చోవోయ్ పృథ్వీ. ఆ టిష్యూ ప్యాకెట్ పక్కన పెట్టి కూర్చో, ఇంకెవరూ కూర్చోకుండా అది పెట్టి నీకోసమే సీటు చోప్ చేసి ఉంచాను. క్లెమెంటి నుంచి సెంబవాంగ్ దాకా ట్రైన్లో నిలబడే వచ్చుంటావు, ఇక్కడ కూడా నిలబడితే నా మాటలు తలకెక్కవు. విశ్వనాథం, నువ్వు కాస్త అటు జరుగు. వసుంధరమ్మా, నీ ప్రాటా చల్లారకముందే ఈ సీసాలోది కొంచెం వేసుకో. బయటి తిండి తేకూడదని బోర్డుందా? ఉండనీ. బోర్డు వాళ్ళది, గోంగూర పచ్చడి నాది. ఎవరన్నా అడిగితే నేను మాట్లాడతాను."

సాంబశివరావు సింగపూర్‌లో తన బ్లాకు కింది కాఫీ షాపులో ఆదివారం పూట కొలువు తీరాడంటే ఇలాగే మొదలవుతుంది. షిప్‌యార్డులో తనతో పాటు పనిచేసి రిటైరైన విశ్వనాథం, పక్క బ్లాకు వసుంధర, క్లెమెంటిలో గది తీసుకుని రీసెర్చి చేసుకుంటున్న పృథ్వీ ఎప్పుడూ వచ్చేవాళ్ళే. ఇవాళ మాత్రం కూతురు కావ్యశ్రీని కూడా పట్టుబట్టి కిందకి తీసుకొచ్చాడు.

"కావ్యా, ఆ ఫోన్ పక్కన పెట్టు. విశ్వనాథం, నీకింకా తెలియదు కదూ, మా అమ్మాయి మా కారు అమ్మేస్తోంది. ఈ సాయంత్రం చూసుకోవడానికి ఎవరో వస్తారట. ఎందుకమ్మా అంటే, నేను కార్ పార్కులో స్తంభానికి బండి రాశానట. నేను రాశానా, ఆ స్తంభమే ముందుకొచ్చిందా అన్నది ఇంకా తేలలేదు. డాక్టరు నా కళ్ళు చూశాడు, చెవులు చూశాడు, మోకాళ్ళ మీద సుత్తితో కొట్టి మరీ చూశాడు, చూసి, నువ్వు బండి నడపొచ్చునయ్యా అని సంతకం పెట్టాడు. మా అమ్మాయి పెట్టదు. ఇంత పొడుగు ఓడల్ని బెత్తెడు సందు వదిలి డాక్‌లోకి లాగించినవాణ్ణి, నాకు నలుగురు పట్టే కారు నడపడం రాదట. అందుకే చెబుతున్నాను, మీ ముగ్గురూ వినండి. విన్నాక మీరే తీర్పు చెప్పండి. నడపకూడదు అన్నారా, సాయంత్రం వచ్చేవాళ్ళ చేతిలో తాళం నేనే పెడతాను. మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోను."

"నాన్నా, ఇంటి విషయం ఇక్కడెందుకు?" అంది కావ్యశ్రీ.

"ఇంట్లో నా మాట ఎవరు వింటున్నారు గనక? వినండి. పోయిన శనివారం పొద్దున. కావ్య ఆఫీసు పని మీద జకార్తా వెళ్ళింది, మా ఆవిడ గుడికి వెళ్ళింది. తాళం దేవుడి గూట్లో కుంకుమ భరిణ వెనక దాచి పెట్టింది ఈ మహాతల్లి. రోజూ పొద్దున్నే దీపం పెట్టేవాడి దగ్గర దేవుడి వెనక దాచడం ఏం తెలివో చెప్పండి. స్వామీ, నువ్వు వద్దంటే తియ్యను అని దణ్ణం పెట్టుకున్నాను. ఆయన వద్దనలేదు."

కావ్యశ్రీ మొహం ఒక్కసారిగా పాలిపోయింది. "మీరు కారు తీశారా? ఒక్కరే?"

"తీశాను. ఒక్కణ్ణే తీశాను. అదేగా చెబుతున్నది! ఎక్కి కూర్చున్నాను, పెట్రోలు ముల్లు చూశాను, సరిగ్గా సగం ట్యాంకు, అటూ లేదు ఇటూ లేదు, నడిమధ్యన నిలబడింది. బావుంది, శుభం అనుకుని బయల్దేరాను. ఏంటమ్మా వసుంధరా, ఏదో అనబోయావు?"

"ఏం లేదు అన్నయ్యగారూ, చెప్పండి," అంది వసుంధర. శనివారం వచ్చిందంటే తనే కారు నడుపుకుంటూ బ్రిడ్జి దాటి మలేషియాలోని జొహోర్ వెళ్ళి వారం సరుకులు తెచ్చుకునే మనిషి ఆవిడ.

"శనివారం పొద్దున వుడ్‌ల్యాండ్స్ బ్రిడ్జి ఎలా ఉంటుందో నీకు తెలియంది కాదు. కారు ఎక్కినవాడికి గడ్డం పెరుగుతుంది దిగేసరికి. నేను వెళ్ళేసరికి ఏం చెప్పను, లారీలు అటు జరిగాయి, బస్సులు ఇటు జరిగాయి, మధ్యలో నాకోసమే అన్నట్టు దారి. ఆఫీసరు పాస్‌పోర్టు చూశాడు, నా మొహం చూశాడు, ఒక్కడివే వెళ్తున్నావా అంకుల్ అన్నాడు. ఒక్కణ్ణే అన్నాను. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు."

"ఎందుకు, టీ టైమయిందా?" అన్నాడు విశ్వనాథం.

"నీకు కుళ్ళు. లేచి నిలబడి, ఈ వయసులో ఈ ధైర్యం నేను చూళ్ళేదు అన్నాడు. సరే, అదంతా ఎందుకు, జొహోర్ దాటాను, కోట తింగి వైపు తిరిగాను, అటూ ఇటూ పామాయిల్ తోటలు, నేనూ నా బండీ, ఇంకో మనిషి లేడు. ఎడమకి తిప్పు నాన్నా, స్లో చెయ్యి నాన్నా, సిగ్నల్ వెయ్యి నాన్నా అనేవాళ్ళు లేరు. అబ్బ, ఆ హాయి మీకు చెప్పినా అర్థం కాదు. అలా పోగా పోగా రోడ్డు పక్కన ఎర్ర గొడుగులు కనపడ్డాయి. రైతుల సంత. మన రైతు బజారే అనుకో, వాళ్ళు పసార్ తాని అంటారు. నేను బండి దిగీ దిగకముందే దోసకాయలాయన పరిగెత్తుకొచ్చి చేతిలో దోసకాయ పెట్టాడు. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఎందుకింత చిక్కిపోయావు అని ఒకటే పలకరింపు."

"ఏ భాషలో అంకుల్?" అన్నాడు పృథ్వీ.

"మలయ్‌లో. మా ఫోర్‌మన్ దగ్గర నేర్చుకున్నాను. తిట్లు ముందొచ్చాయి, మిగతా భాష తర్వాత వచ్చింది. దోసకాయలాయన తర్వాత కర్రపెండలం ఆయన, ఆయన తర్వాత అరటిపళ్ళావిడ, ఎవరి దగ్గరికి వెళ్తే వాళ్ళు తిను తిను అనడమే, డబ్బులు తియ్యబోతే చెయ్యి పట్టుకుంటారు. అసలు సంగతి ఇప్పుడొస్తోంది, వినండి. చివర్లో ఒక మక్‌చిక్, అంటే మనం పిన్నిగారూ అంటామే అలాగ, ముందర ఎర్రటి కాయలు కుప్ప పోసుకుని కూర్చుంది. చూద్దును కదా, గోంగూర కాయలు. వాటితో షర్బత్ చేసుకుంటారట. చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు, మరి ఆకులేవి తల్లీ అన్నాను. వెనక్కి చెయ్యి చూపించింది. ఏముంది అక్కడ? చెత్తబుట్ట. విశ్వనాథం, నా గుండె ఆగినంత పనైంది. ఎర్ర కాడ గోంగూర, లేతాకు, గోటితో తాకితే చాలు తెగేది, వాళ్ళకి అది చెత్త."

విశ్వనాథం ఈసారి నవ్వలేదు. సీసాలోంచి ఇంకో చెంచా వేసుకున్నాడు.

"నాకు ఒళ్ళు మండింది. మా గుంటూరు జిల్లాలో దీనికోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారు తెలుసా అన్నాను. రోలు తెప్పించాను. పొయ్యి పెట్టించాను. ఎండుమిరపకాయలు నూనెలో వేయించాను, ఆకు మగ్గించాను, వెల్లుల్లి దంచాను, పోపు వేశాను. ఆ పోపు ఘాటుకి ఎదురుగా ఉన్న దురియన్ పళ్ళవాడు ఏం చేశాడో తెలుసా? ఇన్నాళ్ళూ వాసనంటే తనదే అనుకున్నాడు పాపం, సిగ్గుపడి తన పళ్ళ మీద గోనెపట్టా కప్పేశాడు. మక్‌చిక్ అన్నంలో కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళమ్మట నీళ్ళు."

"కారమా?" అంది వసుంధర.

"ఆనందం. ఇన్నేళ్ళు పారేశానే అని. అంతే, సంతంతా నా చుట్టూ మూగింది. దోసకాయలాయన దోసకాయతో నంజుకున్నాడు, కర్రపెండలం ఆయన కర్రపెండలంతో, చేపలాయన ఏమీ లేకుండా ఉత్తదే నాకేశాడు. మెర్సింగ్ నుంచి వస్తున్న బస్సు ఆగింది. డ్రైవరు దిగాడు, ఆయన దిగాడని ప్రయాణికులు దిగారు. వెనకాల పెళ్ళివారి కార్లు ఆగాయి. పెళ్ళికూతురు ఒక్క ముద్ద తిని, ఈ పచ్చడి జాడీ నాతో పంపిస్తేనే అత్తారింటికి వెళ్తాను, లేకపోతే ఈ అంకుల్ దగ్గరే ఉండిపోతాను అని కూర్చుంది. పెళ్ళికొడుకు నా కాళ్ళు పట్టుకున్నాడు. నేనేమో, బాబూ, ఆకు తేండి, ఎంత తెస్తే అంత చేస్తాను అన్నాను. జనం తోటల మీద పడ్డారు. మీకు నమ్మకం కుదరదు గానీ, నేను చూస్తుండగానే రోలు చాలక, రోడ్డు రోలరు తెచ్చి దంచారు."

"కోతలకి కూడా రోలరు ఉండాలిరా నీకు," అన్నాడు విశ్వనాథం. వసుంధర పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కావ్యశ్రీ మాత్రం తండ్రి మొహంలోకే చూస్తోంది. ఏదో వెతుకుతున్నట్టుంది.

"నవ్వండి. నవ్వితే నాకేం నష్టం? ఆ తర్వాత ఏమైందో తెలుసా? అడవిలోంచి ఏనుగు వచ్చింది. ఆ రోడ్డు మీద ఏనుగులు తిరుగుతాయని బోర్డులు కూడా ఉంటాయి, కావాలంటే వెళ్ళి చూసుకోండి. జనం హాహాకారాలు చేస్తూ పారిపోయారు. నేను కదల్లేదు, చేతిలో గరిటె ఉంది. ఏంటమ్మా నీ సంగతి అన్నాను. అది ఏం చేసిందనుకున్నారు? మర్యాదగా వెళ్ళి లైన్లో చివర నిలబడింది. నిలబడింది కానీ మధ్యలో దాహమేసి వెళ్ళాల్సొస్తుందేమోనని అరటాకు ఒకటి తెంపి తన చోటులో పెట్టి చోప్ చేసుకుంది."

"టిష్యూ ప్యాకెట్ దొరకలేదా అంకుల్?"

"మలేషియా ఏనుగు పృథ్వీ, ఇంకా అంత దూరం రాలేదు. దాని వంతు వచ్చింది. రోలెడు పచ్చడి తొండంతో లాగించింది. లాగించి ఒక్క క్షణం అలా నిలబడిపోయింది, చెవులు రెండూ ఎర్రబడ్డాయి. గుంటూరు మిరపకాయ కదా! పరుగున వెళ్ళి నదిలో తొండం పెట్టింది, కోట తింగిలో అంత నది ఉందే, అడుగు కనపడేదాకా తాగేసింది. నీళ్ళు లేక చేపలు వాటంతట అవే గట్టెక్కి సంతలోకి నడిచొచ్చాయి. చేపలాయన నన్ను వాటేసుకుని ఏడ్చాడు. ఇంక అందరూ కలిసి, మీరు ఇక్కడే ఉండిపోండి, ఈ సంతకి మీరే పెద్ద అన్నారు. నేను ఉండనన్నాను. ఎందుకని అడిగారు. ఇంటి దగ్గర నా కూతురు ఉంది, నాకు బండి నడపడం రాదనుకుంటోంది, నేనే నడుపుకుంటూ వెళ్ళి చూపించాలి అన్నాను. అందరూ ఊరుకున్నారు. ఏనుగు ఊరుకోలేదు. వచ్చి బండి వెనక నుదురు ఆనించింది. నేను స్టీరింగ్ పట్టుకున్నాను, అది తోసింది. కోట తింగి నుంచి బ్రిడ్జి దాకా తోసుకొచ్చింది. బ్రిడ్జి దగ్గర పాస్‌పోర్టు లేదు కదా పాపం, ఆగిపోయి తొండం ఊపింది. ఇంటికొచ్చి చూస్తే పెట్రోలు ముల్లు ఎక్కడుంది? బయల్దేరినప్పుడు ఎక్కడుందో అక్కడే. సగం ట్యాంకుతో వెళ్ళాను, సగం ట్యాంకుతో వచ్చాను. ఇప్పుడు చెప్పండి, నాకు కారు నడపడం వచ్చా, రాదా?"

వసుంధర చేతిలో ప్రాటా ముక్క ప్లేట్లో పెట్టేసింది. "అన్నయ్యగారూ, వెళ్ళేటప్పుడు సగం ట్యాంకే కదూ ఉంది?"

"సగమే. నా కళ్ళతో చూశాను. రాసుకో కావ్యా, నా కళ్ళు పనిచేస్తున్నాయి."

"దారిలో ఎక్కడా పోయించలేదు?"

"ఒక్క చుక్క పోయించలేదు. నాకేం అవసరం?"

"అయితే మీరు వుడ్‌ల్యాండ్స్ దాటలేదు," అంది వసుంధర మెల్లగా. "మన సింగపూర్ బండి ముప్పావు ట్యాంకు పెట్రోలు లేకుండా అటు వెళ్ళకూడదు. ముల్లు చూసి అక్కడే వెనక్కి తిప్పి పంపేస్తారు. అందుకే కదా నేను ప్రతి శుక్రవారం సాయంత్రం బంకు చుట్టూ తిరిగేది."

విశ్వనాథం కాఫీ ముక్కులోకి వెళ్ళి పొలమారింది. పృథ్వీ పడీ పడీ నవ్వాడు. నది తాగిన ఏనుగు కాస్త పెట్రోలు కూడా పోసి ఉండాల్సింది అంకుల్ అన్నాడు. పక్క బల్ల వాళ్ళు కూడా ఇటు తిరిగారు.

సాంబశివరావు నవ్వలేదు. సీసా మూత తీసుకుని బిగించాడు. సరిగ్గా కూర్చోలేదు, మళ్ళీ తీసి బిగించాడు. కూతురి వైపు చూడటానికి ఆయనకి సిగ్గేసింది.

కావ్యశ్రీ కూడా నవ్వలేదు. "వెనక్కి పంపారా నాన్నా?"

"పంపారు." ఆయన గొంతు లేచింది. "పంపితే? దొంగతనం చేశానా? ఎప్పుడూ మీ అమ్మో నువ్వో ట్యాంకు నింపి ఉంచేవాళ్ళు, నాకు గుర్తు రాలేదు. అటు లారీ, ఇటు లారీ, వెనకాల మోటారు సైకిళ్ళ బారు. అందరి ముందూ ఆ ఆఫీసరు చెయ్యి చూపించి తిప్పుకో అన్నాడు. తిప్పాలి. వెనకవాడు ఒకటే హారన్. నా చేతులు వణికాయి, ఎందుకు దాచాలి, వణికాయి. వణికిన చేతులతోనే తిప్పాను. ఎవడికీ తగల్లేదు. అక్కడి నుంచి ఇంటికి వచ్చేద్దామనుకున్నాను. కానీ అలా వచ్చేస్తే మళ్ళీ జన్మలో తాళం ముట్టుకోనని నాకు తెలుసు. అందుకే రాలేదు. బ్రిడ్జికి ఇటు మన వైపే ఉన్న క్రాంజీకి తిప్పాను."

"క్రాంజీలో ఏముంది?" అన్నాడు విశ్వనాథం, ఈసారి వేళాకోళం లేకుండా.

"తోటలున్నాయి. ఆ తోటల దగ్గరే సంత పెట్టారు ఆరోజు. చైనా ఆవిడ ఒకామె గోంగూర కాయలు అమ్ముతోంది, ఆకులు పారేస్తోంది. అది నిజం. అడిగితే నవ్వి సంచీ నిండా కుక్కి ఇచ్చింది, అదీ నిజం. ఆ ఆకే మీరిప్పుడు తింటున్నది. పక్కన దోసకాయలాయన నా మొహాన చెమట చూసి స్టూలు వేశాడు, దోసకాయ కోసి పెట్టాడు. ఒక్కడివే డ్రైవ్ చేసుకుని వచ్చావా అంకుల్ అని అడిగాడు. ఒక్కణ్ణే అన్నాను. గ్రేట్ లా అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. స్తంభానికి రాసినప్పటి నుంచీ నన్ను చూసి అలాంటి మాట అన్నవాడు లేడు కావ్యా. ఆ ఒక్క మాటని కోట తింగి దాకా సాగదీశాను, ఏనుక్కి తినిపించాను, అయితే ఏంటట? కోట తింగి కాకపోతే క్రాంజీ. నేనే వెళ్ళాను, నేనే వచ్చాను. అదే పార్కింగ్ లాట్‌లో, అవే గీతల మధ్య పెట్టాను. నీ కాళ్ళకి సరిపోయేలా సీటు మళ్ళీ ముందుకి జరిపి పెట్టాను. వారమంతా ఆ కారే నడిపావు కదా, నేను తీశానని నీకు తెలిసిందా?"

కావ్యశ్రీ తల అడ్డంగా ఊపింది. "తెలియలేదు."

"ఆ తిప్పే చోటు మామూలుది కాదు అన్నయ్యగారూ," అంది వసుంధర. "ఒకసారి నన్నూ అలాగే పంపించారు. కాస్త దూరం వచ్చి బండి పక్కన ఆపేసి ఏడ్చాను. మా ఆయన ట్యాక్సీలో వచ్చి ఇంటికి తీసుకెళ్ళారు. ఆ రూలు నాకు అలా తెలిసింది."

సాంబశివరావు బల్ల మీద అరచెయ్యి ఆనించి ముగ్గురినీ చూశాడు. "కోతలు తీసేసే చెప్పండి. తీర్పు చెప్పండి."

విశ్వనాథం మూతి తుడుచుకున్నాడు. "బండికి బ్రేకులు ఉన్నాయి, నడపొచ్చు. నీ నోటికే లేవు." పృథ్వీ చెయ్యెత్తాడు. వసుంధర కూడా ఎత్తింది.

కావ్యశ్రీకి కోపం పూర్తిగా పోలేదు. చెప్పకుండా వెళ్ళినందుకు ఇంట్లో మాట్లాడేది ఉంది అని ఆయనతో గట్టిగానే అంది. అని, ఫోన్ తీసి, సాయంత్రం రావద్దని కారు చూడటానికి వచ్చేవాళ్ళకి మెసేజి పెట్టింది. తర్వాత బ్యాగులోంచి తాళం తీసి పచ్చడి సీసా పక్కన పెట్టింది. దాన్ని ఆయన వైపు జరుపుతూ అంది.

"ముందు ట్యాంకు నింపించండి నాన్నా. ముప్పావు కాదు, నిండా."

సాంబశివరావు తాళం అందుకున్నాడు. చొక్కా జేబులో వేసుకున్నాడు, మళ్ళీ తీసి ప్యాంటు జేబులో ఇంకా లోపలికి వేసుకున్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి, వెంటనే పచ్చడి ఘాటు అన్నాడు. లేచి నిలబడి, చెంచా తీసి విశ్వనాథం వైపు చూపించాడు.

"ట్యాంకు సంగతి అడిగారు, చెప్పాను. బ్రిడ్జి దాటలేదన్నారు, ఒప్పుకున్నాను. ఇందాకట్నుంచీ చూస్తున్నాను, ఆ ఏనుగు లేదని మాత్రం మీలో ఒక్కరైనా అన్నారా?"